క్రిస్మస్ తాత చెప్పేసిన మాట

గుంటూరులో చలేమిటని నవ్వేవాళ్లు డిసెంబరు నెలలో పొద్దున్నే ఐదింటికి వీధి కుళాయి కింద బిందె పెట్టి చూడాలి. మూడో బిందె ఇంట్లోకి తెచ్చేసరికి హెలెన్ వేళ్లు కొంకర్లు పోయాయి. వరండాలో మామగారు ఇమ్మానియేలు దగ్గుతున్నాడు. ఖళ్లుఖళ్లున దగ్గితే ఆమెకింత బెంగ ఉండేది కాదు. ఆయన దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని, ఇంట్లో ఎవరూ వినకూడదన్నట్టు దగ్గుతున్నాడు.

ఆయన పక్కనే నవారు మంచం మీద గోడవైపు ముడుచుకుని ఏడేళ్ల మహిమ పడుకుని ఉంది. మూడేళ్ల క్రితం నాయనమ్మ పోయిన రోజున తాతయ్య ఒక్కడే అయిపోయాడని వెళ్లి ఆయన పక్కన పడుకుంది. అప్పటి నుంచి ఆ పిల్లకి ఆ మంచమే ఇల్లు. బలవంతాన లోపలికి ఎత్తుకెళ్లినా మళ్లీ దిండు చంకన పెట్టుకుని అక్కడికే చేరుతుంది.

"మామయ్యా, ఇవాళైనా నాతో బ్రాడీపేట రండి. మా ల్యాబ్‌లోనే. కళ్లె ఇస్తే చాలు, పది నిమిషాల పని," అంది హెలెన్ బిందె దించుతూ.

"కారం దగ్గమ్మా ఇది. ముప్ఫై ఏళ్లు మిర్చి యార్డులో టిక్కీ బస్తాలు మోసిన ఒళ్లు. యార్డులో దగ్గనోడు ఎవడున్నాడు చెప్పు? క్యారల్స్ అయిపోనీ, చూద్దాం."

అదిగో, క్యారల్స్. దండెం మీద ఎర్ర కోటు ఆరుతోంది. నల్లపాడులో వాళ్ల సంఘానికి ఇరవై ఆరేళ్లుగా ఇమ్మానియేలే క్రిస్మస్ తాత. భార్య కుట్టిన కోటు తొడుక్కుని, పొట్టకి దిండు కట్టుకుని, మొహానికి మాస్కు పెట్టుకుని, డప్పుకి తగ్గట్టు ఇంటింటికీ గెంతుతూ చాక్లెట్లు పంచుతాడు. ఒక్క మాట మాట్లాడడు. తాత నోరు విప్పితే పిల్లలు గొంతు గుర్తుపట్టేస్తారని సంఘంలో కట్టుబాటు. ఈసారి మాస్కు లోపల దగ్గు ఎలా ఆపుకుంటాడో ఆ దేవుడికే తెలియాలి.

హెలెన్ వంటింట్లోకి వెళ్లి భర్త ముందు కాఫీ పెట్టింది. ఏసుబాబు కోల్డ్ స్టోరేజీలో ఆపరేటరు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి గోడకి చేరగిలబడ్డాడు.

"మీరైనా చెప్పండి. రెండు నెలలైంది. కనీసం పరీక్షలో తేలేదాకా అయినా పాపని పక్కన పడుకోబెట్టుకోవద్దనండి."

"నేను చెబితే వింటాడా? అరుస్తాడు. ల్యాబ్‌లో పనిచేసేదానివి, నువ్వే చెప్పు."

ఎలా చెబుతుంది? పెళ్లయ్యాక కోడలికి చదువెందుకని అందరూ అంటుంటే, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించి, రెండేళ్లు రోజూ సైకిల్ మీద స్టేషను దాకా దించిన మనిషి మామయ్య. ఆ మనిషితో 'నా బిడ్డని ముట్టుకోవద్దు' అనడానికి నోరెలా వస్తుంది? అనకపోతే పిల్ల ఏమవుతుంది? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. రెండు నెలలుగా ఆమె బతుకు అలాగే ఉంది.

ఆ రోజు స్కూటీ రిపేరుకిచ్చి ఆటోలో వెళుతూ ఫోన్ తెరిస్తే ప్రకటన కనిపించింది. మీ పిల్లలతో క్రిస్మస్ తాత వీడియో కాల్‌లో మాట్లాడతాడట, అదీ తెలుగులో, పేరు పెట్టి మరీ పిలిచి. మహిమ సంబరపడుతుందని హెలెన్ వెంటనే అందులోని ఫారం నింపడం మొదలుపెట్టింది. పేరు, వయసు, ఈ ఏడాది చేసిన మంచి పని. ఆఖరి గడి దగ్గర వేలు ఆగింది. 'మీ బిడ్డ మార్చుకోవాల్సింది ఏమైనా ఉందా? తాత నచ్చజెబుతాడు.'

నచ్చజెబుతాడా! ఎవరో ఒకరు ఆ పని చేస్తే అంతే చాలు అనిపించింది ఆమెకి. గబగబా రాసేసింది. 'రాత్రి తాతయ్య పక్కన పడుకోవడం మానాలి. ఆయనకి రెండు నెలలుగా దగ్గు. పాపకి అంటుకుంటుందని భయంగా ఉంది. పరీక్షకి రమ్మంటే ఆయన రావడం లేదు.' మహిమ తెల్ల గౌనుకి ఇస్త్రీ చేయలేదని గుర్తొచ్చి, సరిచూసుకోకుండానే పంపించేసింది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక అన్నాలు తిని అందరూ హాల్లో చేరారు. ఆడపడుచు శాంతి సింగరాయకొండ నుంచి పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చింది. క్రిస్మస్ తాత కాల్ అందరికీ కనబడాలని ఏసుబాబు ఫోన్‌ని టీవీకి కలిపి సౌండు పెంచాడు. ఇమ్మానియేలు కుర్చీలో, ఆయన ఒళ్లో మహిమ. టీవీ నిండా తెల్లగడ్డం ప్రత్యక్షమైంది.

"మహిమా! బాగున్నావా తల్లీ? ఎనిమిదో ఎక్కం దాకా అప్పజెబుతున్నావంటగా!"

పిల్లలు కేరింతలు కొట్టారు. మహిమ మాత్రం తాత చెవిలో, "తాతయ్యా, ఈయన మాట్లాడుతున్నాడేంటి? క్రిస్మస్ తాత మాట్లాడడు కదా," అంది. ఇమ్మానియేలు మీసాల్లో నవ్వుకున్నాడు.

గడ్డపాయన కళ్లు పక్కకి తిప్పి ఏదో చదువుకున్నట్టున్నాడు. పాపం, ఆయన తప్పేముంది. వరసగా ఎంతమంది పిల్లలతో మాట్లాడుతున్నాడో ఏమో, ఎదురుగా ఉన్నది ఉన్నట్టు చదివేశాడు.

"కానీ ఒక్క మాట తల్లీ. రాత్రి తాతయ్య పక్కన పడుకోవడం మానెయ్యాలి. ఆయనకి రెండు నెలలుగా దగ్గు కదా, నీకు అంటుకుంటుందని అమ్మకి భయం. పరీక్షకి రమ్మంటే తాతయ్య రావట్లేదంట! మంచిపిల్లవి కదా, మానేస్తావు కదూ?"

హెలెన్ ఫోన్ లాక్కునేలోపే అయిపోయింది. ఇమ్మానియేలు చేతులు మహిమ భుజాల మీద నుంచి జారాయి. పిల్లని మెల్లగా ఒళ్లోంచి దించి నేల మీద నిలబెట్టాడు.

"ఇదేంటి వదినా?" శాంతి లేచింది. "మా నాన్నని ఇంత మాట అనాలనుకుంటే నాలుగ్గోడల మధ్య అనలేకపోయావా? ఎవరో వేషగాడి చేత, మా పిల్లల ముందు అనిపించాలా?"

"ఆ రాసేదేదో నాకు చూపించి ఏడవచ్చుగా!" అన్నాడు ఏసుబాబు కూడా.

హెలెన్‌కి కోపం రాలేదు. ఒంట్లో ఉన్న అలసటంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

"రాశాను. చెప్పే నోరు లేక రాశాను. మీకెన్నిసార్లు చెప్పాను? నువ్వే చెప్పు అన్నారు. శాంతీ, నీకు ఫోన్ చేసి బతిమాలానా లేదా? 'నాకెందుకు వదినా, నాన్న నొచ్చుకుంటాడు' అన్నావు. ఈ ఇంట్లో కష్టమైన మాటలన్నీ కోడలే చెప్పాలి, చెప్పాక చెడ్డదీ కోడలే కావాలి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఊరందరి కళ్లె మైక్రోస్కోపు కింద చూస్తాను. ఇంటికొచ్చి నా బిడ్డ ఆ దగ్గు పీలుస్తూ పడుకుంటే మాట్లాడకుండా చూస్తూ కూర్చోవాలి. నాకు ఓపిక అయిపోయింది. మీరెవరైనా ఒక్కళ్లు చెప్పి ఉంటే నేనా గడ్డపాయనకి ఎందుకు రాసుకుంటాను?"

మహిమ బిక్కమొహం వేసి, "నేను మంచిపిల్లని కాదా అమ్మా?" అని ఏడుపు అందుకుంది.

ఇమ్మానియేలు వరండాలోకి వెళ్లాడు. నవారు మంచం మీద రెండు దిళ్లు ఉన్నాయి. చిన్నదాన్ని తీసి దులిపి, తెచ్చి హెలెన్ చేతిలో పెట్టాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

సోమవారం పొద్దున హెలెన్ స్కూటీ బయటికి తీసేసరికి గేటు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. చర్చికి వేసుకెళ్లే తెల్ల చొక్కా, చేతిలో ఆధార్ కార్డు.

"పదమ్మా," అన్నాడు అంతే.

బ్రాడీపేటలో ల్యాబ్ తాళం తీసి, ఆయన్ని బల్ల ముందు కూర్చోబెట్టి, మొహానికి మాస్కు తగిలించింది. కాగితం ముందుకు లాక్కుంది. మళ్లీ గడులే. పేరు, వయసు, దగ్గు ఎన్నాళ్ల నుంచి. రెండు నెలలని రాయబోయింది.

"ఆగు," అన్నాడు ఇమ్మానియేలు. "నన్నడుగు. మొహం మీద అడుగు."

హెలెన్ కలం దించింది. "ఎన్నాళ్ల నుంచి మామయ్యా?"

"దసరాల ముందు నుంచి. మీరు రెండు నెలల కిందటే విన్నారు."

తర్వాతి ప్రశ్న రోజుకి పాతికమందిని అడుగుతుంది, తడుముకోకుండా. ఇప్పుడు ముందు కాగితం సర్దింది. "రక్తం... ఎప్పుడైనా పడిందా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "రెండు సార్లు. కండువా కాల్వలో పారేశాను."

"మామయ్యా! ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమవుద్దో నాకు తెలవదా? పిల్లని లాగేస్తారు. కోటు లాగేస్తారు. మీ అత్త పోయాక ఆ మంచం మీద నాకు నిద్ర పట్టించింది ఆ బుడ్డదేనమ్మా. అది పక్కన లేకపోతే నేనెందుకు లేవాలి పొద్దున?" మాస్కు లోపలే దగ్గాడు. దగ్గు ఆగాక మెల్లగా అన్నాడు. "దేవుడు నన్ను క్షమించాలి. పిల్లకి అంటుకుంటుందేమోనన్న భయం నాకూ ఉంది. గోడవైపు తిప్పి పడుకోబెట్టేవాణ్ని, ఏదో సరిపోద్దన్నట్టు. ముసలోడి ఆశ."

హెలెన్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన మోకాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్లూ ఆయన మొండితనం అనుకుంది. అదంతా దిగులని ఒక్కసారైనా తోచలేదు.

"తప్పు చేశాను మామయ్యా. అందరి ముందూ అలా..."

"తప్పే," అన్నాడాయన, తల మీద చెయ్యి పెట్టబోయి, వెనక్కి తీసుకుని. "ఇరవై ఆరేళ్లు మాస్కు చాటున నోరు మూసుకుని గెంతినోణ్ని. ఇంట్లోనూ అట్టాగే దాచాను. నువ్వూ నాలాగే ఎవడి మాస్కు వెనకో దాక్కుని చెప్పావు. ఇహ మనిద్దరికీ వద్దమ్మా. తిట్టాలంటే మొహం మీదే తిట్టు."

రెండు రోజుల్లో రిపోర్టు వచ్చింది. అనుకున్నదే, టీబీ. ఆరు నెలలు మందులు మానకుండా వాడితే తగ్గిపోతుందని, మొదట్లో కొన్ని వారాలు పాప దూరంగా ఉండాలని డాక్టరు చెప్పాడు. మహిమకి కూడా పరీక్షలు చేయించారు. ఏమీ లేదని తేలిన రోజు హెలెన్ బాత్రూములో కుళాయి తిప్పి మరీ ఏడ్చింది. ఏసుబాబు సెలవు పెట్టి వరండాకి తడికెలు కట్టాడు. శాంతి ఫోన్ చేసి, "వదినా, ఆ రోజు నేను నోరు జారాను," అని ఊరుకోకుండా, రోజూ వీడియో కాల్‌లో చూస్తూ తండ్రి చేత మాత్ర మింగించే పని తన మీద వేసుకుంది. ఎర్ర కోటు మాత్రం ఇమ్మానియేలు ఎవరికీ ఇవ్వలేదు. సంఘం కుర్రాళ్లు బజార్లో వేరే కోటు కొనుక్కున్నారు.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం డప్పుల మోత వీధి చివర వినిపిస్తోంది. మహిమ కిటికీ దగ్గర నిలబడింది కానీ మొహంలో కళ లేదు. హెలెన్, ఏసుబాబు ఫోన్ తీసుకెళ్లి వరండాలో మామగారికి ఇచ్చింది. లోపలికి వచ్చి తన ఫోన్ మహిమ చేతిలో పెట్టి కాల్ కలిపింది. ఈసారి నింపాల్సిన గడులేమీ లేవు.

తెర మీద ఎర్ర కోటు, గడ్డం మాస్కు. చెయ్యి ఊపుతోంది. మహిమ నోరు తెరిచింది.

"తాతయ్యా? నువ్వేగా?"

గడ్డం మాస్కు కిందికి జారింది. ఇమ్మానియేలు ఆయాసపడుతూ నవ్వుతున్నాడు.

"క్రిస్మస్ తాత మాట్లాడకూడదు కదా!" అంది పిల్ల.

"ఈ ఏడాది నుంచి మాట్లాడచ్చంట. మీ అమ్మ ఒప్పుకుంది. ఏం కావాలో అడుగు తల్లీ."

మహిమ బాగా ఆలోచించింది. "నీ దగ్గు తగ్గిపోయాక గోడవైపు నాకే కావాలి. శాంతత్త పిల్లలు వచ్చినా ఇవ్వకూడదు. అప్పటిదాకా నా చిన్న దిండు నీ దగ్గరే ఉంచుకో."

"ఉంచుకుంటానమ్మా," అన్నాడు ఇమ్మానియేలు.

ఆ మాట ఫోన్‌లోంచి ఒకసారి, తడిక అవతల నుంచి ఒకసారి వినిపించింది. గడపలో నిలబడ్డ హెలెన్ కొంగుతో మొహం తుడుచుకుని, బీరువా మీద దాచిన చిన్న దిండు తీసుకుని వరండాలోకి వెళ్లింది.