కారులో పాడని సీడీ

పొద్దున్నే నాన్న వంటింటి తొట్టి దగ్గర ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాడు.

"మళ్లీ గొంతు పోయిందా? చల్లనీళ్లు తాగొద్దంటే వింటారా!" అంది కూతురు, కారు తాళాలు వెతుక్కుంటూ.

ఆయన కంటికి ఆపరేషన్ అయింది. దాంతో వారంవారం మందు ఎక్కించడానికి అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లే పని ఈసారి కూతురి నెత్తిన పడింది. నెత్తిన పడిందనే అనుకుంది ఆ మహాతల్లి.

కారు పాతది. అందులో స్టీరియోకి సీడీ తప్ప మరోటి తెలియదు. ఆస్పత్రి దగ్గరపడేకొద్దీ అమ్మకు గుండెదడ. పాటలుంటే కాస్త నయమని నాన్న అంటే, కూతురే సీడీ చేసిచ్చింది. ఎలా ఉందని అడిగినప్పుడల్లా నాన్న "బ్రహ్మాండం!" అనేవాడు.

ఇప్పుడు ఆ సీడీని తోస్తే స్టీరియో గరగరలాడి బయటికి కక్కింది. మళ్లీ తోసింది. మళ్లీ కక్కింది.

"వదిలెయ్యమ్మా, దానికి అలక," అన్నాడు నాన్న వెనక సీట్లోంచి.

"అలకేంటి? గీతలు పడేసుంటారు! ఒక్క సీడీ జాగ్రత్తగా పెట్టుకోవడం చేతకాదా?"

ఆస్పత్రి మలుపు వచ్చింది. పక్క సీట్లో అమ్మ వేళ్లు సంచి పట్టీ మీద బిగుసుకున్నాయి.

"అరవకే తల్లీ. అది ఏనాడూ పాడలేదు. మీ నాన్నే పాడతారు."

నాన్న పాడాడు. శ్రుతి ఒక దారి, తాళం ఇంకో దారి. చరణంలో మాట మర్చిపోయి "తననా" అని లాగించాడు. అమ్మ ఫక్కున నవ్వింది. పట్టీ మీద వేళ్లు వదులయ్యాయి.

ఆ గొంతు వారంవారం ఎందుకు పోతోందో కూతురికి అప్పుడు అర్థమైంది.

అమ్మను లోపలికి పంపి, నాన్నతో కారు దగ్గరికి వచ్చాక సీడీని చేతిలో తిప్పి చూసింది. మామూలు పాటల సీడీలుగా చేస్తే ఒక్కోదాంట్లో ఇరవై కూడా పట్టవు, నాలుగైదు చెయ్యాలి. అంత ఓపిక లేక, ఉన్న పాటలన్నీ ఎంపీత్రీ ఫైళ్లుగా ఒక్కదాంట్లోనే కుక్కేసింది. ఈ పాత స్టీరియోకి ఆ ఫైళ్లు చదవడం రాదు. "ఒక్కసారి కిందికొచ్చి కారులో వేసి చూస్తావా?" అని సీడీ ఇచ్చిన రోజే నాన్న అడిగాడు కూడా. "పనుంది, పాడుతుందిలెండి" అంది.

"నాకు చెప్పొచ్చుగా నాన్నా?"

"నాకే పెట్టడం రాలేదేమో అనుకున్నాను. మళ్లీ అడిగితే విసుక్కుంటావని..."

కన్నతండ్రి తనను చూసి జంకాడు. కూతురు తలెత్తలేకపోయింది.

ఇంటికొచ్చి, ఒక్కో సీడీనీ నిదానంగా మళ్లీ చేసింది. ప్రతిదాన్నీ కారులో వేసి, చివరిదాకా కూర్చుని విన్నది.

తరవాతి వారం స్టీరియో చక్కగా పాడింది. ఒక పాట అయ్యాక అమ్మ చెయ్యి చాచి శబ్దం తగ్గించింది.

"బాగుందే తల్లీ. కానీ ఇందులో మీ నాన్న తప్పు పాడే చోటు రావడం లేదు."

కూతురికి రోడ్డు మసకబారింది. కారు పక్కకు ఆపి కళ్లు తుడుచుకుని, "మీరే పాడండి నాన్నా," అంది.