దేవుడి గూట్లోని మూడు మెడల్స్

మధ్యాహ్నం బడిలో అన్నాలు తినగానే శిల్ప తన టిఫిన్ బాక్సు మూత తీసింది. అందులో రంగు రిబ్బన్లున్న మూడు మెడల్స్ ఉన్నాయి.

"మా తాతవి. సర్పంచ్‌గా నిలబడినాడు కదా, ఓబులయ్య తాత. మిలిటరీలో ఒక్కో యుద్ధం గెలిస్తే ఒక్కోటి ఇచ్చినారు," అంది.

నిజానికి అవి ఎందుకిచ్చారో శిల్పకు తెలియదు. తాతను ఎప్పుడూ అడగలేదు.

ఐదో తరగతి పిల్లలందరూ మూగారు. శ్యాంసన్ ఒక మెడల్‌ను తిప్పి చూశాడు.

"మా తాతకూ ఇట్లాంటిదే ఉంది. మిలిటరీలో వంట చేసినాడు."

"వంట చేసేటోళ్లకు ఇది ఇస్తారా ఏంది? మీ తాత గరిటెతో యుద్ధం చేసినాడా?" అంది శిల్ప.

పిల్లలు నవ్వారు. శ్యాంసన్ మెడల్‌ను బాక్సులో పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం శిల్ప మెడల్స్ చూపించి, ఎదురింటి శ్రీరాములు చిన్నాయనకూ అదే చెప్పింది. తాత కోసం ఆటోలో మైకు పట్టుకుని తిరుగుతున్నది ఆయనే. తర్వాత వాటిని ఎవరూ చూడకుండా మళ్లీ దేవుడి గూట్లో పెట్టేసింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే వీధిలో మైకు మోగింది.

"మూడు యుద్ధాలు గెలిచిన వీరుడు ఓబులయ్య గారి కత్తెర గుర్తుకే మీ ఓటు!"

తాత అప్పుడే దీపం పెట్టి బయటికి వచ్చాడు. చెయ్యెత్తి ఆటోను ఆపాడు.

"ఏంది శ్రీరాములూ, ఎవరు గెలిచినారు యుద్ధాలు?"

"శిల్పే చెప్పింది పెదనాయనా. మెడల్స్ కూడా చూపించింది."

శిల్ప తల దించుకుంది. తాత లోపలికి పోయి మెడల్స్ తెచ్చి అరుగు మీద పరిచాడు.

"ఇది తొమ్మిదేళ్లు పని చేసినందుకు. ఇది మంచుకొండల్లో ఉన్నందుకు. ఇది స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయినప్పుడు మిలిటరీలో ఉన్న అందరికీ ఇచ్చినారు. నేనూ శ్యాంసన్ వాళ్ల తాతా ఒకేసారి తీసుకున్నాం."

"మరి నువ్వు యుద్ధం చెయ్యలేదా తాతా?"

"లేదు పాపా. కొండ మీదికి నీళ్ల లారీ నడిపినా. ఆ నీళ్లతో ఆయన వండినాడు. నేనూ తిన్నా."

శ్రీరాములు మెల్లగా అన్నాడు. "ఉండనీ పెదనాయనా. ఈ మాటకు జనం తిరిగి చూస్తున్నారు. పోయినసారి కొండమ్మ మీద పదకొండు ఓట్లతో ఓడిపోయినాం."

తాత మెడల్స్ ఏరి చేతిలోకి తీసుకున్నాడు.

"గెలవాలని నాకూ ఉంది. దేవుడి గూట్లో పెట్టుకున్న వాటి మీద అబద్ధం చెప్పి గెలిస్తే, రేపు దీపం ఎట్ల పెట్టేది?"

అది ఎవరిని అడిగాడో శిల్పకు తెలియలేదు. ఆమెకు గరిటె మాట గుర్తొచ్చింది. ఆటో ఎక్కి కూర్చుంది.

"చిన్నాయనా, ముందు శ్యాంసన్ వాళ్ల వీధికి పోదాం. మైకు నాకియ్యి."

తాత వద్దనలేదు.

శ్యాంసన్ చర్చికి పోవడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. ఆటో అక్కడే ఆగింది.

"మా తాత యుద్ధాలు గెలవలేదు," అంది శిల్ప మైకులో. "నేనే తెలియక చెప్పినా. మిలిటరీలో నీళ్ల లారీ నడిపినాడు. శ్యాంసన్ వాళ్ల తాత అందరికీ అన్నం వండినాడు. ఇద్దరికీ ఒకటే మెడల్ ఇచ్చినారు."

"గుర్తు చెప్పు, గుర్తు," అన్నాడు శ్రీరాములు.

"కత్తెర గుర్తు," అని మైకు ఆయన చేతిలో పెట్టి దిగింది.

నేరుగా శ్యాంసన్ దగ్గరికి పోయింది.

"గరిటె మాట నేను అనకుండా ఉండాల్సింది. మీ తాత ఇంట్లో ఉన్నాడా?"

"ఉన్నాడు. ఎందుకు?"

"ఆయన మెడల్ చూపిస్తాడేమో. ఎందుకిచ్చినారో ఆయన్నే అడుగుతా."