నెత్తిమీద కుట్టుమిషను

మాకు రూములు చూపించే బ్రోకరుకి మేం పెట్టిన పేరు ప్రశాంతం. ఏ రూము చూపించినా "ప్రశాంతంగా ఉంటుందన్నా" అంటాడు, అందుకు. పరాయి దేశంలో మన భాషలో అబద్ధం చెప్తే నమ్మబుద్ధేస్తుంది. నమ్మాను. వాడి నోరు పడిపోను.

కింద లాండ్రీ. అక్కడ బట్టలారబెట్టే మిషన్లు తిరిగితే ఇక్కడ నా మంచం వణుకుతుంది. పక్కగదిలో ముగ్గురు డ్రైవర్లు. వాళ్లకి ఫోను దండగ, ఆ అరుపు ఇంటికి నేరుగానే వినపడుతుంది. నాది గోడౌన్లో నైట్ డ్యూటీ, ఫోర్క్‌లిఫ్ట్ తోలతాను. పగలు కన్నంటుకోగానే నెత్తిమీద కుట్టుమిషను, టకటకటక.

ఓ మధ్యాహ్నం చీపురుకర్రతో సీలింగు పొడిచి, పైవాళ్లకి తెలుగెక్కడొచ్చులే అని, "నీ మిషను తగలబడ" అన్నాను గట్టిగా.

పైనుంచి ఆడగొంతు, నింపాదిగా. "తగలబడితే ముందు మీ ప్యాంటే పోతుంది. చీటీ మీద మీ రూము నంబరే ఉంది."

పొడుగు తగ్గించమని లాండ్రీలో ఇచ్చిన ప్యాంటు అది. లాండ్రీవాడు కుట్టుపనంతా ఆవిడకే పంపుతాడట.

తెచ్చుకోడానికి పైకెళ్లాను. పోట్లాడ్డానికే, వేరే ఉద్దేశం లేదు. ఇంచుమించు నా వయసే. భర్త పోయి చాలా ఏళ్లయిందట. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. వాటిని తియ్యకుండానే నా ఎడమకాలు కాస్త పొట్టని వెక్కిరించింది. ఇంత వయసొచ్చి నాకే తెలీని సంగతి.

ఆ తర్వాత నా చొక్కాలకి గుండీలు తెగ ఊడటం మొదలెట్టాయి.

ఇంతలో ప్రశాంతం ఊరి చివర ఇంకో రూము చూపించాడు. చీమ చిటుక్కుమనదన్నాడు. నాకు సిగ్గు లేదు, మళ్లీ నమ్మి అడ్వాన్సు కట్టాను. ఆవిడకి చెప్తే "మంచిది" అని ముఖం తిప్పేసుకుంది.

మర్నాటి నుంచి మిషను ఆగిపోయింది. డ్రైవర్లు అరుస్తూనే ఉన్నారు, మంచం వణుకుతూనే ఉంది. నాకు మాత్రం కునుకు లేదు. పని ఆలస్యమవుతోందని, ఆవిడ అన్నీ చేత్తో కుడుతోందని లాండ్రీవాడు గొణిగాడు. పైకి పరిగెత్తాను.

"మిషను ఎందుకు ఆపారు?"

"వెళ్లేలోపైనా నిద్రపోతారని."

"పోలేదు. పైన మీరున్నారో లేదో తెలీక చచ్చాను."

చేతిలో గుడ్డ కుడుతూనే ఉంది. నాకే ఆగలేదు. "లాండ్రీవాడు మీకు అన్నయ్య. డ్రైవర్లు ముగ్గురూ అన్నయ్యలే. నన్నొక్కసారీ అలా పిలవలేదేం?"

గుడ్డ మీంచి తలెత్తలేదు. "గుండీ దానంతటది ఊడితే దారం పీచుపీచుగా ఉంటుందండీ. మీవన్నీ బ్లేడుతో కోసినవి. అలాంటి మనిషిని అన్నయ్య అని ఎలా పిలవను?"

అని, కాలు మిషను మీద పెట్టింది. ఆ టకటకలో నేనేమన్నానో నాకే వినపడలేదు. ఆవిడకి వినపడింది. నవ్వింది.

కొత్త రూము వద్దు, అడ్వాన్సు ఇచ్చెయ్యమంటే, మానుకున్నది నువ్వేగా అన్నా, అన్నాడు వెధవ. ఆ విధంగా ప్రశాంతం చేతిలో నేను పోగొట్టుకున్నది అక్షరాలా ఆరువందల యాభై.