బోడికొండ మీది నిప్పు

ఇప్పవనం అనే కొండసీమ రాజ్యంలో పొద్దున్నే పొయ్యి రాజేయడానికి ఎవరూ చెకుముకిరాయి వెతికేవారు కాదు. ఎండిన పిడక ఒకటి చేతపట్టుకుని పక్కింటికి వెళ్లేవారు. పక్కింటివాళ్లు తమ పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక తీసి దాని మీద పెట్టి పంపేవారు. వాళ్ల పొయ్యి ఆరిపోయిన రోజున వాళ్లు వీళ్లింటికి వచ్చేవారు. అలా నిప్పు ఊరంతా తిరుగుతూ ఉండేది. దానితో పాటు ఎవరింట్లో ఏం కూర, ఎవరి మేక ఈనింది, ఎవరికి ఎవరితో పడటం లేదు అన్న కబుర్లూ తిరిగేవి.

ఒక ఏడు పుష్యమాసంలో ఎన్నడూ లేనంత చలి వచ్చింది. కుంటల్లో నీళ్లు పైన పలకలా గడ్డకట్టాయి. ఆ దేశపు రాజు సుకేతుడు మంచివాడే గానీ, ముందుజాగ్రత్త ఎక్కువ. ఒకనాడు ఆయనకు తన లోపలినుంచే ఒక మాట వినిపించింది. ‘ఇంత చలిలో ఇలా పంచుకుంటూ పోతే ఉన్న నిప్పు ఏమైపోతుంది?’ మర్నాడే దండోరా వేయించాడు. ఏ ఇంటి నిప్పూ ఆ ఇంటి గడప దాటకూడదు.

ప్రజలకు ఆ ఆజ్ఞ తప్పుగా తోచలేదు. భయపడ్డవాడికి తలుపు మూసుకోవడం తెలివైన పనిలాగే కనిపిస్తుంది. కానీ ఒంటరి పొయ్యి ఎన్నాళ్లు నిలుస్తుంది? ఒకరింట్లో మొద్దునిద్ర వల్ల నిప్పు ఆరింది. ఒకరింట్లో పాలు పొంగి ఆరింది. పక్కింటికి వెళ్లి అడగడానికి వీల్లేదు. పన్నెండు రోజుల్లో రాజ్యంలోని పొయ్యిలన్నీ చల్లబడ్డాయి. అప్పుడు అటకల మీది చెకుముకిరాళ్లు దించి కొట్టి చూశారు. ఒక్క రవ్వ రాలలేదు. చలిరక్కసి రాజ్యాన్ని పట్టిందని అప్పటికి గానీ ఎవరికీ అర్థం కాలేదు.

ఇక నిప్పు మిగిలింది ఒక్కచోటే. పూట నడక దూరంలో బోడికొండ ఉంది. దాని మీద ఒక ముసలి సాధువు ధుని వెలిగించుకుని కూర్చుంటాడు. రాజు పంపిన మనుషులు మూడుసార్లు అక్కడికి వెళ్లి, కుండలో నిప్పు పెట్టుకుని, ఆరిపోకుండా మూత చుట్టూ బంకమట్టి మెత్తి తెచ్చారు. మూడుసార్లూ మూత తీస్తే బొగ్గులే ఉన్నాయి. మూడోసారి వెళ్లినవాడు కోట బయట కురుమపల్లెలో గొంగళ్లు నేసే ఐలయ్య. అతని కాళ్లు మంచుకు పగిలి, వాచి, మళ్లీ అడుగు వేయడానికి పనికిరాకుండా పోయాయి.

ఐలయ్య కూతురే బీరమ్మ. పద్నాలుగేళ్ల పిల్ల. ఇంట్లో తల్లి తొమ్మిది రోజుల బాలింత. పుట్టినప్పుడు వాడంతా వినిపించేలా ఏడ్చిన చెల్లెలు, ఆ రోజు తెల్లవారేసరికి పిల్లికూనలా మూలగడం మొదలుపెట్టింది. మంత్రసాని సోమక్క పసిదాని అరికాళ్లు తాకి చూసి, తల్లికి వినబడకుండా బీరమ్మను గుమ్మం దగ్గరికి పిలిచింది.

“పొద్దుగూకేలోపల మంచం కింద కుంపటి పెట్టాలె బిడ్డా. లేకుంటే ఇగ నా చేతుల ఏం లేదు.”

“నేను పోయి తెస్త,” అంది బీరమ్మ.

“నువ్వా? మొన్న మీ నాయనే కుంటుకుంట వచ్చిండు.”

“నాయనకు నడకంటే విసుగు. నాకు కాదు.”

లోపల మగ్గం పక్కన పడుకున్న ఐలయ్య నవ్వాడు. “అది నిజమే. గొర్రెల వెంట పంపితే గొర్రెలు ఇంటికొస్తయి, ఇది రాదు.” తర్వాత మోచేతి మీద లేచి, “మూత మాత్రం గట్టిగ మెత్తు బిడ్డా. నేను మెత్తింది చాలలే,” అన్నాడు.

బీరమ్మ గొంగడి ముసుగేసుకుని, ఒక చిన్న కుండా, పిడికెడు బంకమట్టీ తీసుకుని బయలుదేరింది.

పిల్లలూ, ఎముకలు కొరికే చలిలో పల్లె దాటి నడవడంలో ఒక సుఖం ఉంది. మొదట చెవులు మండుతాయి, ముక్కు ఉందో లేదో తెలియదు. ఒక కోసు నడిచాక ఒంట్లో ఎక్కడో చిన్న పొయ్యి రాజుకుంటుంది. అప్పుడు మనం చలికి బయట నిలబడి చలిని చూడగలుగుతాం. గడ్డి మీద పేరుకున్న మంచు అడుగు కింద అప్పడంలా విరుగుతోంది. పొలిమేర దాటగానే ఉన్న పెద్ద నేరేడుచెట్టును బీరమ్మ నడుస్తూనే సగం దాకా చూసింది, పైదాకా చూడటానికి ఆగలేదు. రెండు రేగుపొదల మధ్య సాలెగూడు ముత్యాల బరువుకు ఉయ్యాలలా కిందికి దిగి ఉంది. ఒక పిట్ట ఈకలన్నీ ఉబ్బించుకుని, మెడ లేకుండా, కోపంగా ఉన్న నిమ్మకాయలా కూర్చుంది. నక్క అడుగులు దారి వెంట వచ్చి, ఒకచోట ఆగి, అక్కడక్కడే తిరిగి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాయి. ఏం గుర్తొచ్చిందో దానికి!

బీరమ్మ చెల్లెల్ని మరిచిపోలేదు. ఆ దిగులు గొంగడి కింద గుండెల దగ్గరే ఉంది. కళ్లను మాత్రం దారికి వదిలేసింది. అందుకే ఆమె అడుగు తేలిగ్గా పడింది.

కొండ మొదలయ్యే చోట ఒక మాట వినిపించింది. “కాళ్లు లాగుతున్నాయి. కాసేపు కూర్చుంటాను.”

అది అచ్చం తన గొంతే. కూర్చోబోతూ బీరమ్మ ఒక వింత గమనించింది. ఆ చలిలో నోరు తెరిస్తే చాలు, పొగలాంటి ఆవిరి వస్తోంది. ఈ మాటకు మాత్రం ఆవిరి రాలేదు.

“ఎవరే నువ్వు?” అని అడిగింది. ఆమె మాట వెంట తెల్లటి ఆవిరి లేచింది.

“నేనెవరేమిటి? నేను నువ్వే,” అంది గొంతు, ఆవిరి లేకుండా. “అలసిపోయావు. ఆలస్యమైంది. మీ నాన్న వల్లే కాలేదు, నీ వల్ల ఏమవుతుంది?”

అందులో కొంత నిజం ఉంది. కాళ్లు నిజంగానే లాగుతున్నాయి. అలాంటి గొంతుల నేర్పంతా అక్కడే ఉంటుంది. నిజాన్ని ముందు నిలబెట్టి, దాని వెనక తమ మాట నడిపిస్తాయి.

“సరే, చెప్పుకుంట రా. నేను నడుస్త, నువ్వు మాట్లాడు,” అంది బీరమ్మ.

గొంతు కొంతదూరం వెంట వచ్చింది. “కాస్త ఆగు. నడుస్తూ మాట్లాడటం నాకు అలవాటు లేదు.”

“అయితే నేర్చుకో!”

రెండో మలుపు తిరిగేసరికి గొంతు వెనకబడిపోయింది.

కొండ మీద సాధువు తుమ్మమొద్దుల ధుని ముందు గడ్డం ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు. బీరమ్మను చూడగానే ఆయన ముఖం వెలిగింది.

“నిప్పేగా? ఎంత కావాలంటే అంత తీసుకో. ముందు వచ్చిన దారి ఎలా ఉందో చెప్పు. నేను కిందికి దిగి ఇరవై ఏళ్లయింది. ఇదివరకు వచ్చిన ముగ్గురినీ అడిగాను. ఒక్కడూ ఏమీ చూడలేదు!”

పొద్దు నడినెత్తిన ఉంది. బీరమ్మ ఒకసారి సూర్యుణ్ణి చూసి, తర్వాత సాలెగూడు గురించి, పిట్ట గురించి, నక్క గురించి చెప్పింది. నక్క దగ్గరికి వచ్చేసరికి సాధువు చిన్నపిల్లవాడిలా నవ్వాడు. “ఇల్లు తాళం వేశానా లేదా అని వెనక్కి పోయి ఉంటుంది,” అన్నాడు. చివరికి దారిలో వినిపించిన గొంతు గురించి చెప్పింది.

“అదే చలిరక్కసి,” అన్నాడాయన. “దానికి చేతులు లేవమ్మా. ఒక్క పొయ్యినైనా అది ఆర్పలేదు. మన గొంతుతో మనకే మాటలు చెబుతుంది. మిగతా పని మనమే చేసిపెడతాం. దిగేటప్పుడు వాగు మీది దుంగ దాటి వెళ్లు, అది దగ్గరి దారి.”

“తాతా, మూతకు మట్టి ఎంత మందంగ మెత్తాలె?”

విన్న కబుర్ల తృప్తితో సాధువు కూర్చున్నచోటే గురక పెడుతున్నాడు. లేపడానికి మనసు రాలేదు. బీరమ్మ బూడిద పరిచిన కుండలో మూడు పెద్ద నిప్పులు పెట్టుకుని, తండ్రి చెప్పినట్టే మూత చుట్టూ మట్టి మెత్తి, కొండ దిగింది.

వాగు మీది దుంగ మధ్యలో ఏనుగుగున్నంత గండభేరుండ పక్షి కూర్చుని ఉంది. దాని రెండు తలలూ దెబ్బలాడుకుంటున్నాయి.

“ఇక్కడ వాలదామన్నది నువ్వే!”

“నీళ్లు తాగుదామన్నది ఎవరు మరి?”

“జరుగు పక్షిమామా, నాకు పనుంది,” అంది బీరమ్మ.

“జరగడానికి కాళ్లు రావాలి కదమ్మా,” అంది కుడితల. చూస్తే దాని గోళ్లు దుంగతో సహా మంచుగడ్డలో బిగిసిపోయి ఉన్నాయి. “నీ దగ్గర నిప్పు వాసన వస్తోంది. ఈ మంచు కొంచెం కరిగించవూ?”

“వద్దు వద్దు, ఈకలు కాలతాయి!” అంది ఎడమతల.

మూత తీస్తే నిప్పు ఆరిపోతుందేమోనని బీరమ్మ వెనకాడింది. కానీ పక్షి కదిలితే తప్ప దారి లేదు. కళ్లు మూసుకుని మట్టి పగలగొట్టింది. తెరిచి చూసింది. మూడు నిప్పులూ నల్లబడి, లోపల ఒక్కచోట ఆవగింజంత ఎరుపు మిగిలింది. ఇంకో అరగడియ మూత బిగించి ఉంచితే అదీ పోయేది.

వంగి ఊదింది. బూడిద లేచింది. ఆవగింజంత ఎరుపు శనగగింజంత అయింది. “నువ్వు కూడా ఊదు మామా!” అంటే పక్షి రెండు తలలూ మొదటిసారి ఒక్కమాట మీద రెక్కలు విసిరాయి. మూడు నిప్పులూ భగ్గుమన్నాయి. చుట్టూ ఎండుపుల్లలు పేర్చి ఒక నిప్పు పెడితే మంచు కరిగింది. పక్షి గోళ్లు మంచులోంచి విడివడ్డాయి.

“ఎక్కు, ఇంటి దగ్గర దింపుతాను,” అంది కుడితల తూర్పుకు తిరిగి.

“అటు కాదు, ఇటు,” అంది ఎడమతల పడమరకు తిరిగి.

“మీరు తేల్చుకునేలోపల నేను నడిచి పోత,” అని బీరమ్మ దుంగ దాటింది.

ఆ తర్వాత ఆమె మూతకు మట్టి మెత్తలేదు. నాయన చెప్పింది నిప్పు మీది ప్రేమతోనే. కానీ నిప్పుకు కావలసింది ఊపిరి. ఇంత చిన్న సంగతి ఇంతమందికి తోచకుండా చేసిన భయం ఎంత పెద్దదో కదా అనుకుని ఆమెకు నవ్వొచ్చింది.

వాగు అవతల రేగులపాడు ఆడవాళ్లు కుండలోంచి లేస్తున్న పొగ చూసి పిడకలతో పరుగెత్తుకొచ్చారు. దగ్గరికి వచ్చాక మాత్రం సిగ్గుపడి నిలబడ్డారు. దండోరా గుర్తొచ్చింది.

“ఏం అత్తా, నిప్పు అడగడం మరిచిపోయిన్రా?” అంది బీరమ్మ.

“నోరు మాత్రం పెద్దగుందే నీకు!” అంటూ ఒకావిడ పిడక ముందుకు చాచింది. బీరమ్మ నిప్పులోంచి ఒక్కొక్కరికి చిన్న పెళ్ల విరిచి ఇచ్చింది. ఇచ్చినప్పుడల్లా ఊదింది. మిగిలింది ఒక్క నిప్పే అయినా, కొండ మీద తీసుకున్నప్పటికంటే ఎర్రగా ఉంది. ఆడవాళ్లలో కొందరు ఇళ్లకు పరుగెత్తితే, కొందరు కబుర్లాడుకుంటూ ఆమె వెంట నడిచారు.

పొద్దు వాలింది. కోట ద్వారం ముందు నుంచి సాగిపోతే కురుమపల్లె. నిప్పు వస్తోందన్న కబురు విని సుకేతుడు ద్వారం దగ్గర మూడు శాలువాలు కప్పుకుని, భటులతో దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“ఆ కుండ ఇటివ్వు తల్లీ. భాండాగారంలో పెట్టించి ఏడు తాళాలు వేయిస్తాను. నీకు కోరినంత భూమి ఇస్తాను.”

భటుల నోళ్ల నుంచి ఆవిరి వస్తోంది. గుర్రాల ముక్కుల నుంచి వస్తోంది. రాజు మాటలకు మాత్రం ఆవిరి రాలేదు.

“మహారాజా, ఆ మాట మీది కాదు,” అంది బీరమ్మ.

“నా నోటితోనే కదా అన్నాను!”

“అయితే నోటిముందు అరచెయ్యి పెట్టుకుని మళ్లీ అనుండ్రి.”

భటుడొకడు కోపంగా ముందుకు వచ్చాడు. రాజు వాణ్ణి ఆపి, అరచెయ్యి పెట్టుకుని, “నిప్పును దాచాలి,” అన్నాడు. చేతికి వెచ్చదనం తగలలేదు. ఆయన ముఖం పాలిపోయింది.

“ఇప్పుడు మీకు నిజంగ ఏమనిపిస్తుందో అది చెప్పుండ్రి.”

రాజు శాలువాలు మరింత దగ్గరికి లాక్కున్నాడు. బీరమ్మ పడమటి కొండ వైపు చూసింది. సూర్యుడికీ కొండకూ మధ్య జానెడు ఎడం ఉంది. తొందరపెట్టాలనిపించినా ఊరుకుంది. లోపలి మాటను బయటకు లాగితే మళ్లీ పారిపోతుంది.

“నాకు చలేస్తోంది,” అన్నాడు రాజు చివరికి. “భయంగా ఉంది. రాజు భయపడ్డాడంటే జనం నవ్వుతారని చెప్పలేదు.”

ప్రతి మాటకూ ఆవిరి వచ్చి ఆయన అరచేతిని వెచ్చగా తాకింది. రాజు తన చెయ్యి తానే చూసుకుంటూ ఉండిపోయాడు. వెనక నుంచి రేగులపాడు ఆడమనిషి ఒకామె, “మాకూ భయమే అయ్యా, దానికి నవ్వుడెందుకు!” అని, సగం పిడక విరిచి ఆయన చేతిలో పెట్టింది. బీరమ్మ దాని మీద ఒక కణిక ఉంచింది. సుకేతుడు దాన్ని ఊదుకుంటూ తన కోటలోకి పోలేదు. ద్వారపాలకుడి గుడిసె గడప దాటి వాళ్ల పొయ్యిలో పెట్టాడు.

ఆ క్షణంలో కుంటల మీది మంచుపలకలు పెద్ద కేకలాంటి చప్పుడుతో బీటలువారాయి. భటుడొకడు అనుమానంగా చెకుముకిరాయి కొట్టి చూశాడు. రవ్వలు పూలలా రాలాయి.

అవన్నీ చూడటానికి బీరమ్మ అక్కడ లేదు. కుండ గుండెలకు హత్తుకుని పల్లెకు పరుగెత్తింది. సోమక్క వాకిట్లోనే ఎదురొచ్చి కుండ అందుకుంది. మంచం కింద కుంపటి పెట్టారు. ఐలయ్య పాక్కుంటూ వచ్చి గుమ్మాన్ని పట్టుకుని కూర్చున్నాడు. పసిదాని అరికాళ్లు ముందు గులాబీ రంగుకు తిరిగాయి. తర్వాత అది కాళ్లు తన్నింది. తర్వాత మూడిళ్ల అవతలికి వినిపించేలా కోపంగా ఏడ్చింది. తల్లి దాన్ని రొమ్ముకు తీసుకుని, తానూ ఏడ్చి, నవ్వింది.

“మూత గట్టిగనే మెత్తినవా?” అని అడిగాడు ఐలయ్య.

“మెత్తి పగలగొట్టిన నాయనా,” అంది బీరమ్మ.

రాజు ఆజ్ఞ రద్దయింది. ఐలయ్య కాళ్లకు రాజవైద్యుడు కట్టు కట్టాడు. అర్ధరాజ్యం ఇస్తానని రాజు కబురు పంపితే, అంత నేల నడవడానికి ఎలాగూ ఎవరూ అడ్డు చెప్పరు కదా అని బీరమ్మ వద్దంది. ఆ మాట ఆయనకు నచ్చింది. మర్నాడు పొద్దున్నే పిడక పట్టుకుని ఆయనే ఆ ఇంటి ముందు నిలబడ్డాడు. బాలింత ఉన్న ఇంట్లోకి కాళ్లు కడగకుండా రావద్దని సోమక్క ఆయన్ను వాకిట్లోనే ఆపి, పట్టాభిషేకంలో కూడా విననన్ని కబుర్లు చెప్పింది.

అప్పటికి బీరమ్మ పల్లె పొలిమేర దాటేసింది. చలి అంతే ఉంది, మంచు అంతే ఉంది. చేతుల్లో కుండ లేదు, పొద్దుతో పందెం లేదు. నిన్న సగమే చూసిన నేరేడుచెట్టు కిందికి వెళ్లి, తల పైకెత్తి, దాన్ని తీరిగ్గా చివరిదాకా చూసింది.