పసుపు నీళ్ళు చల్లిన జీపు

1964లో ఒక మంగళవారం ఉదయం. జహీరాబాద్ డాక్‌బంగళా వరండాలో డిటెక్టివ్ ఇంద్రసేన బూట్లు వేసుకుంటున్నాడు. ఒక స్త్రీ వచ్చి మెట్ల కింద నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. అతని సహాయకుడు ప్రకాశం పైకి రమ్మన్నాడు. ఆమె రాలేదు. ఇంద్రసేనే దిగి వెళ్ళాడు.

ఆమె పేరు బస్వమ్మ. భర్త పీటర్ మెకానిక్. కోహీర్ దారిలో చెరకు తోటలున్న రామ్‌కిషన్ పటేల్, మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత జీపు ఒకటి కొని మూడేళ్ళుగా బాగు చేయిస్తున్నాడు. అది ఆయనకు సరదా. ప్రతి ఆదివారం పీటర్ పని చేస్తుంటే తానూ షెడ్డులో కూర్చుని బోల్టులు తుడిచేవాడు. మొన్న ఆదివారం ఆ జీపును న్యాల్‌కల్ వైపు తీసుకెళ్ళాడు. మైలు దూరం పోకముందే దిగుడులో బ్రేకు పడక అది రాళ్ళకుప్పకు కొట్టుకుంది. వెనక కూర్చున్న ముసలి జీతగాడు నర్సప్ప కాలు విరిగింది.

“మా ఆయన కావాల్ననే బ్రేకు ఖరాబు చేసిండంటున్నడు పటేలు,” అంది బస్వమ్మ. “పొద్దుగూకేలోపల ఒప్పుకొని ఏలిముద్ర ఎయ్యాల్నట. లేకుంటే పోలీసు అమీన్ సాబ్ వచ్చి పట్టుకపోతడట. ఒప్పుకున్నా పట్టుకపోతడు గద సార్?”

ఇంద్రసేన టోపీ అందుకున్నాడు.

పటేల్ ఇంటి పక్క షెడ్డులో జీపు కొత్త పెళ్ళికొడుకులా ఉంది. ఆకుపచ్చ రంగు మెరుస్తోంది. ముందు మడ్‌గార్డు ఒక్కటే నొక్కుకుపోయింది. పటేల్ దాన్ని మెత్తని గుడ్డతో నిమురుతున్నాడు. వెనక సీటు అప్పటికే కడిగేశారు. అయినా కుట్ల సందుల్లో నల్లగా నెత్తురు మిగిలి ఉంది. దాని మీద ఈగలు ముసురుతున్నాయి.

నర్సప్ప ఎలా ఉన్నాడని ఇంద్రసేన అడిగాడు.

“దవాఖానల ఉన్నడు,” అన్నాడు పటేల్. “గీ మడ్‌గార్డు జూడున్రి. హైదరాబాద్ల పాత ఇనుప దుకాండ్లన్ని తిరిగి తెచ్చిన. మల్ల దొరుకుతదా ఇసొంటిది?”

ఇంద్రసేన ముఖం తిప్పుకున్నాడు.

పీటర్ షెడ్డు బయట ఎండలో నిలబడి ఉన్నాడు. ఇవాళ అతన్ని లోపలికి రానివ్వలేదు. ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చాడు. పోయిన వారం సోమవారం నాడు తాను బ్రేకులకు కొత్త రబ్బరు వాషర్లు వేశాడు. కొత్త డబ్బా తెరిచి పావు వంతు బ్రేకు ఆయిల్ పోశాడు. ఇంజన్ ఆయిల్ మార్చి రేడియేటర్ నింపాడు. మరునాడు కోహీర్ దాకా నడిపి చూశాడు. బ్రేకులు గట్టిగా పట్టాయి. పాత ఇంజన్ కదా, తిరిగొచ్చేసరికే కొత్త ఆయిల్ నల్లబడింది. ఆ సాయంత్రం బండి అప్పగించాడు. గురువారం పటేల్ ఇంట్లో బండికి పూజ జరిగింది. దానికి అతన్ని పిలవలేదు.

ఇంద్రసేన బానెట్ ఎత్తించాడు. ఇంజన్ ఆయిల్ చూసే పుల్లను పైకి లాగాడు. ఆయిల్ తేనెలా ఉంది. ఇంజన్ ఆయిల్ మూతా, రేడియేటర్ మూతా తిప్పి వేలితో లోపలి అంచులు తుడిచాడు. వేలికి పసుపు అంటింది. తరువాత జీపు కిందికి దూరి, బ్రేకు సిలిండర్ మూతను అలాగే తుడిచి చూశాడు. అక్కడా పసుపే. మూలనున్న బ్రేకు ఆయిల్ డబ్బాను ప్రకాశం ఊపాడు. సగానికి పైగా ఖాళీ.

సిలిండర్ విప్పాలి. పీటర్ ముందుకు వస్తుంటే పటేల్ అడ్డం పడ్డాడు. వాడు ముట్టవద్దన్నాడు. పీటర్ బయటి నుంచే చెబుతుంటే ప్రకాశం విప్పాడు. లోపల ఉన్నది బ్రేకు ఆయిలే. కాని రబ్బరు వాషర్ నానిన సెనగలా ఉబ్బిపోయి ఉంది.

“ఇంజన్ ఆయిల్ తగిల్తెనే గిట్ల ఉబ్బుతది సార్,” అన్నాడు పీటర్ అయోమయంగా. “కాని అండ్ల ఇంజన్ ఆయిల్ లేనే లేదు.”

“ఇప్పుడు లేదు,” అన్నాడు ఇంద్రసేన.

మధ్యాహ్నం అందరినీ షెడ్డు ముందుకు పిలిపించాడు. పటేల్ రాయించిన ఫిర్యాదు కాగితం ఒళ్ళో పెట్టుకుని అమీన్ సాబ్ షెడ్డు లోపల కుర్చీలో కూర్చున్నాడు. పటేల్ భార్య భాగీరథి ఇంటి గడపలో నిలబడింది. బయట పీటర్ పక్కన బస్వమ్మ నేల మీద కూలబడింది.

“పీటర్ పోసినవి మూడు,” అన్నాడు ఇంద్రసేన. “బ్రేకు ఆయిల్, ఇంజన్ ఆయిల్, రేడియేటర్ నీళ్ళు. కోహీర్ వెళ్ళొచ్చి నల్లబడిన ఇంజన్ ఆయిల్ ఇవాళ తేనెలా ఉంది, అంటే ఎవరో మార్చారు. మూడింటి మూతలకూ పసుపు ఉంది. పూజలో బానెట్ మీద పసుపు చల్లుతారు గాని, బండి కింద బ్రేకు సిలిండర్ మూతకు ఎవరు పూస్తారు? బ్రేకు చెడగొట్టాలనుకున్నవాడు రేడియేటర్ నీళ్ళెందుకు మారుస్తాడు? ఇది చేసినవాడికి బ్రేకుతో పని లేదు. పీటర్ చెయ్యి తగిలి అంటు పడిందనుకున్నదల్లా బయట పారబోసి, పసుపు నీళ్ళతో శుద్ధి చేసి, కొత్తది పోసుకోవాలి. అంతే. బ్రేకు ఆయిల్ డబ్బా పీటర్ తెరిచింది కనుక పనికిరాలేదు. తెరవని ఇంజన్ ఆయిల్ డబ్బా ఇంట్లో ఉంది. నూనె ఏదైనా నూనే అనుకున్నాడు. మూడు రోజుల్లో రబ్బరు ఉబ్బింది.”

ప్రకాశం తన గురువును కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

“తెల్వక చేసిన,” అన్నాడు పటేల్ నెమ్మదిగా.

“పొయ్యడం తెలియకే,” అన్నాడు ఇంద్రసేన. “కాని ప్రమాదం జరిగాక సిలిండర్‌లో సరైన ఆయిల్ తిరిగి ఎలా వచ్చింది? తప్పు తెలిసింది గనకే దాన్ని దిద్దారు. పీటర్ ముట్టిన డబ్బా అప్పుడు మీకు అంటు కాలేదు.”

గడపలోంచి భాగీరథి మాట్లాడింది. ఆదివారం సాయంత్రం జీపును ఇంటికి లాక్కొచ్చిన లారీ డ్రైవర్ బ్రేకులో ఏం పోశారని అడిగి, ఇంజన్ ఆయిల్ అని వినగానే నవ్వాడట. ఆ వెంటనే పటేల్ డబ్బా పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడట. తరువాతే పీటర్‌కు కబురు పంపాడట. “నేను జూసిన,” అని తల దించుకుంది.

బస్వమ్మ లేచి నిలబడింది. పటేల్ ఆమె వైపు చూడకుండా అమీన్ దగ్గరికి జరిగాడు. ఊళ్ళో పెద్దమనిషినని, బండి పాత బండి, బ్రేకు తెగిందని రాస్తే సరిపోతుందని, పీటర్‌ను ఇక ఏమీ అననని గొంతు తగ్గించి చెప్పాడు. పీటర్‌ను చూసి చెయ్యి కూడా ఊపాడు.

“పో పీటరూ, ఇంటికి పో. ఏం ఫికర్ లేదు.”

ఇంద్రసేన పటేల్ నిలబడ్డ చోటు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

పీటర్ వెళ్ళలేదు. ఆ రోజు మొదటిసారిగా షెడ్డులోకి వచ్చి అమీన్ కుర్చీ ముందు నిలబడ్డాడు.

“జర ఆ కాయితం సదువున్రి సార్,” అన్నాడు. “నర్సప్ప తాత పేరున్నదా అండ్ల?”

అమీన్ కాగితం తిప్పి చూశాడు. అందులో జీపు నంబరు ఉంది. మడ్‌గార్డు ఉంది. పీటర్ పేరు మూడు చోట్ల ఉంది.

“లేదు,” అన్నాడు.

“మల్ల రాయున్రి. తాత పేరు ముందుగాల రాయున్రి. ఆ ఎన్క పటేలుది.”

అమీన్ ఒక్క క్షణం పటేల్ ముఖంలోకి చూసి, కాగితాన్ని రెండుగా చించి, కొత్తది తీశాడు.