శ్రీమన్నారాయణ గారి వన్స్ మోర్

నేనెప్పుడూ ఏదీ రాసి ఎరగను. చదివింది నాలుగో తరగతి. విన్నది విన్నట్టు రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు నూజివీడులో, పొద్దుగూకాక తులసమ్మ గారి మామిడికాయల కొట్టు ముందునుంచి కుక్క కూడా నడిచేది కాదు. లోపల దెయ్యం ఉంది. ఉంటే ఉంది... పాడుతుంది!

ఆ దెయ్యం ఎవరో కాదు, తులసమ్మ మొగుడు శ్రీమన్నారాయణ గారే. కాయల వ్యాపారంలో దిట్ట. నాటకాల పిచ్చి నిలువెల్లా. తనే నాటకం ఆడించి, ఆఖర్న చచ్చిపోయే రాజు వేషం తనే కట్టేవారు.

మంచి నటుడు పద్యం పాడి చస్తే జనం "వన్స్ మోర్!" అని అరుస్తారు. అప్పుడా చచ్చిన రాజు లేచి, మీసం సర్దుకుని, మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. అది ఆనవాయితీ. ఈయన చస్తే మాత్రం, "హమ్మయ్య, తెర దించండ్రా!" అనేవారు. ఆ దిగులుతోనే నిజంగా పోయారు.

ఏడాది తిరక్కుండానే కొట్లో పద్యం మొదలైంది.

"మేం లోపలికి రామండి అమ్మగారూ," అని తేల్చేశాడు కాయలు మోసే ముఠా మేస్త్రి పరదేశి. "దెయ్యానికి భయపడి కాదండి. ఆ రాగానికి."

మర్నాడే కోత. చిన్నరసాలు కొట్లో గడ్డిమీదికి చేరకపోతే ఎండకి కుళ్ళిపోతాయి. తులసమ్మకి ఏడాది తిండి ఆ కాయే.

ఆయన కోరికేంటో ఊరందరికీ తెలుసు. ఎవరైనా ఒక్కసారి "వన్స్ మోర్" అంటే ఆయన తృప్తిపడి వెళ్ళిపోతారు. తులసమ్మ ఎన్నడూ అన్లేదు. నాటకంలో తడికవతల కూర్చున్న ఆడవాళ్ళు అరుస్తారా ఏంటి? పైగా... అనాలనీ అనిపించలేదు.

ఆ రాత్రి లాంతరు పట్టుకుని వెళ్ళింది. తలుపు తోసింది. చీకటి. ఎండుగడ్డి వాసన...

పద్యం సాగుతోంది. రాగం ఎక్కింది— ఇంకా ఎక్కింది— దిగడం మర్చిపోయింది. చివరికి రాజు ఎలాగో చచ్చాడు.

 తులసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గుసగుసగా—

"వన్స్ మోర్... అండీ."



తర్వాత చీకట్లోంచి, చాలా సిగ్గుగా... "నిజంగానా?"

"నిజమేనండీ. పాడేసి, ఇక హాయిగా వెళ్ళిపోండి."

గడ్డి గలగలమంది, ఎవరో లేచి నిలబడినట్టు. పద్యం మళ్ళీ మొదట్నుంచీ వచ్చింది. ఈసారి ఆలాపనతో సహా! అది అయిపోయాక లాంతరు ఒక్కసారి రెపరెపలాడి నిలిచింది. కొట్టంతా ఖాళీగా...

"పోయారు," అనుకుంది తులసమ్మ. ఎంతైనా మొగుడు కదా, రెండు కన్నీటిచుక్కలు రాల్చి, ఇంటికొచ్చి మంచమెక్కింది.

కన్ను మూతపడబోతుంటే... కాళ్ళవైపు మంచం కిర్రుమంది. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"తులసీ... నువ్వంతగా అడిగావు గనక... ఇంకోటుంది, వింటావా?"

తెల్లారి పరదేశి కొట్టు తలుపుకి చెవి ఆనించి చూశాడు. కిక్కురుమనలేదు. ముఠావాళ్ళు ధైర్యంగా గంపలు లోపలికి చేరేశారు. వాళ్ళ వెనకే తులసమ్మ, ఇల్లు ఆయనకొదిలేసి, తన మంచం, దిండూ మోయించుకొచ్చి, ఆ కాయల పక్కనే వేయించుకుంది.