కొవ్వుకి అంటిన మట్టి

బ్రెస్ట్ రేవుకి పడమట, మా వెస్సాన్ దీవిలో గొర్రెమాంసాన్ని గడ్డివేళ్ళతో ఎండి మండే మట్టిగడ్డల కింద పూడ్చి వండుతారు. పొద్దున్న పెడితే మధ్యాహ్నానికి ఉడుకుతుంది. అది ఉడికేలోపు చెప్పడానికి నా దగ్గర కథలు బోలెడు. పిల్లలు ఎక్కువగా అడిగేది గుల్వెన్ మాల్గోర్న్ కథ. నేనూ సంబరంగానే చెబుతాను గానీ రెండు ముక్కలు మింగేస్తాను. ఇవాళ రాస్తున్నాను కాబట్టి అవీ రాసేస్తాను.

గుల్వెన్, నేనూ ఒక ఈడువాళ్ళం. ఒకేరోజు రాజుగారి ఓడ ఎక్కాం. నేను చుక్కాని దగ్గరే ఆగిపోయాను, వాడు అధికారి అయ్యాడు. అయితే ఏం లాభం? పెద్దింటి బిడ్డలకి కెప్టెన్లయ్యే ఎర్ర లాగు, పడవలకి దారి చూపేవాడి కొడుక్కి పైకి రానివ్వని నీలం లాగు. మూడు యుద్ధాలు చేసి, ఒక కన్ను పోగొట్టుకుని, ముప్పై ఏళ్ళు నీలంలోనే ఉన్నాడు. వాడి దగ్గర తాళ్ళు కట్టడం నేర్చుకున్న కుర్రాళ్ళే వాడికి కెప్టెన్లయి వచ్చేవారు. "ఏమోయ్ మాల్గోర్న్, గాలి ఎటు?" అని అడిగితే, "మీ నాన్నగారి సిఫార్సు ఎటు వీస్తే అటేనండి" అనేవాడు. ఆ నోటితో పదవులెలా వస్తాయి?

ఒకసారి దూరపు సముద్రంలో, తుపానులో వాడు నీళ్ళలో పడిపోవడం కళ్ళారా చూశాను. ఊరొచ్చి వాళ్ళమ్మకి నేనే చెప్పాను. శవం దొరకనివాడికి మా దీవిలో చిన్న మైనపు సిలువ చేసి, అదే శవమనుకుని రాత్రంతా దాని చుట్టూ కూర్చుని, పొద్దున్నే పాతిపెడతారు. గుల్వెన్ సిలువని నా చేత్తోనే వత్తాను.

ఏడాదికి వాడు తిరిగొచ్చాడు. డచ్చివాళ్ళ ఓడేదో నీళ్ళలోంచి లాగిందట.

వాళ్ళమ్మ తలుపు తీయలేదు. గడప బయట సూపు గిన్నె మాత్రం పెట్టింది. "నా కొడుకుని పాతిపెట్టాను నాయనా. నువ్వెవరైనా సరే, తినేసి వెళ్ళు" అంది లోపలినుంచి. వాడు తిన్నాడు. గిన్నె కడిగి బోర్లించి మరీ నా దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్ పోల్, ఆ సిలువ నువ్వు చేసిందే కదా. తవ్వి కరిగించెయ్. అది మట్టిలో ఉన్నంతకాలం మా అమ్మకి నేను లేను" అన్నాడు.

పార పట్టుకుని వెళ్ళాను. పాతిన సిలువ ఊరికే బయటికి రాదు, తన చోటుకి తవ్వినవాణ్ణి అడుగుతుంది అని మా పెద్దలు అనేవారు. శ్మశానం గోడ దగ్గరే నిలబడి, నిలబడి, వచ్చేశాను. కరిగించేశానని చెప్పాను. వాడు నన్ను కావలించుకున్నాడు. ఇది మొదటి ముక్క.

అమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికి వ్యవధి లేకపోయింది. సాయంత్రమే ఓడ ఎక్కాం. వారం తిరిగేసరికి వాడికి అదృష్టం పట్టింది. మా కెప్టెన్ ఇరవై నాలుగేళ్ళ ఎర్ర లాగు. మర్నాడు బ్రెస్ట్ రేవులో అడ్మిరల్ గారి తనిఖీ. "చీకటిపడేలోపు ఓడని రేవుకి చేర్చు. నీకు కెప్టెన్ పదవి ఇప్పిస్తాను" అన్నాడు. నోటిమాట కాదు, కాగితం మీద రాసి ఇచ్చాడు.

మా దీవికీ రాళ్ళకీ నడుమ ఇరుకుదారి. పోటు నీరు గుర్రంలా లాక్కెళుతుంది. మధ్యాహ్నం రెండింటికి మంచు దిగింది. పట్టపగలే లాంతర్లు వెలిగించాం. తడి తాళ్ళ వాసన, నాచు వాసన. తెరచాపల మీంచి నీటిబొట్లు రాలుతున్నాయి.

అలాంటప్పుడు గుల్వెన్ కళ్ళతో కాదు, నాలికతో ఓడ నడిపేవాడు. లోతు చూసే సీసపు గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. దాన్నిండా కొవ్వు కూరి నీళ్ళలోకి వదులుతారు. సముద్రం అడుగున ఏముంటే అది అంటుకుని వస్తుంది. వాడది రుచి చూసి, ఓడ ఎక్కడుందో చెప్పేవాడు.

మొదటిసారి తెల్ల ఇసక వచ్చింది. రెండోసారి గవ్వముక్కలు. "పెళ్ళివారి బండిలా పోతున్నాం" అని నవ్వాడు.

మూడోసారి... గుండు నీళ్ళలో పడిన చప్పుడే రాలేదు. మెత్తగా... దేన్లోనో దిగబడినట్టు.

పైకి లాగి తెచ్చారు. కొవ్వు నిండా నల్లమట్టి. పొడిగా ఉంది. అందులో ఒక గడ్డివేరు.

గుల్వెన్ నాలిక మీద వేసుకున్నాడు.

"ఉప్పు లేదురా."

మిగతా మట్టి వేలితో తుడిచాడు. కింద కొవ్వులో సిలువ అచ్చు పడి ఉంది. ఒంటికన్ను నా వైపు తిప్పాడు.

"తవ్వలేదా?"

చుక్కాని పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు ఓడ ముందువైపునుంచి, మంచులోంచి, లోతు చెబుతున్న గొంతు వినిపించింది. ఏడు బారలు... ఆరు... కొంచెం ఎడమకి...

అది గుల్వెన్ గొంతు. గుల్వెన్ నా పక్కనే ఉన్నాడు. నోరు మూసుకునే ఉన్నాడు.

"ఎవరది?" అని కెప్టెన్ గుసగుసగా అడిగాడు.

"నేనేనండి" అన్నాడు గుల్వెన్. టోపీ తీసి దిక్సూచి మీద పెట్టాడు. నా చెవి దగ్గరికి వంగాడు. "ఆ గొంతు చెప్పినట్టే తిప్పు. ఓడ చేరాలి. కాగితం ఉంది కదా."

మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు.

గొంతు చెప్పినట్టే తిప్పాను. ఒక్క రాయి గీరుకోలేదు. మంచు విడేసరికి బ్రెస్ట్ రేవు ఎదురుగా ఉంది. ముందువైపున గుండు వేసేవాడు తాడు చుట్టుకుని కూర్చున్నాడు. మూడోసారి తర్వాత తను లోతే చెప్పలేదన్నాడు. అటువైపు ఎవరూ రాలేదన్నాడు.

అంత మంచులో ఓడ తెచ్చినందుకు మా కెప్టెన్‌కి పతకం వచ్చింది. పది రోజులకి గుల్వెన్ పదవి పత్రం కూడా వచ్చింది, కొత్త ఎర్ర లాగుతో సహా. అవి పట్టుకుని నేనే వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాను. ఈసారి తలుపు తీసింది. బట్టని వేళ్ళతో తడిమి చూసింది.

"నా కొడుకు పోయి ఏడాది దాటింది పోల్. ఇప్పుడా ఇవ్వడం?"

పిల్లలకి ఇక్కడితో ఆపేస్తాను. రెండో ముక్క ఇది. అక్కణ్ణించి తిన్నగా వెళ్ళి, ఈసారి తవ్వాను. మట్టిలో రెండు సిలువలున్నాయి. ఒకటి నేను చేసింది. గట్టిపడి, అంచుల్లో ఉప్పు పేరుకుని ఉంది. రెండోది నేను చేయలేదు, ఎవరు చేశారో తెలియదు. దాని మీద బొటనవేలి అచ్చు, అచ్చుకి అడ్డంగా ఒక గాటు. చిన్నప్పుడు తాడు కోసిన అలాంటి గాటే నా బొటనవేలికి ఉంది. మైనం ఇంకా వెచ్చగా ఉంది.

మళ్ళీ పూడ్చేశాను. అది జరిగి ఇరవై రెండేళ్ళు. నిన్న తవ్వి చూశాను.

ఆ రెండోది ఇంకా వెచ్చగానే ఉంది.